మరచుట తెలియని యంత్రము

నేడు చేతి ఫోను లేని యిల్లు అరుదు. అందులో మనము ఫొటోలను, పాటలను, ఉత్తరములను దాచుకొందుము. చార్జి పూర్తిగా తరిగి ఫోను ఆగిపోయినను, మరల చార్జి పెట్టగనే అవి యన్నియు చెక్కుచెదరక కనిపించును. విద్యుత్తు లేనప్పుడును తనకు అప్పగించినదానిని భద్రపరచు ఈ జ్ఞాపకమునకు ఫ్లాష్ మెమొరీ యని పేరు. అది మొరాయించినచో మనము ఫోనును దుకాణమునకు కొనిపోయి బాగుచేయించుకొందుము. కాని మొరాయించిన యంత్రము 17 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరమున, మనుష్యసంచారము లేని కుజగ్రహముపై నున్నచో దానిని బాగుచేయుట యెట్లు? 2004వ సంవత్సరమున అట్టి పరీక్షయే వచ్చినది. ఆ కథ తెలిసికొన్నచో కంప్యూటరు లోపల జరుగు పనియు, తప్పును వెదకు పద్ధతియు ఒక్కమారే బోధపడును.

ఫ్లాష్ మెమొరీ స్వభావము

కంప్యూటరునకు ముఖ్యముగా రెండు విధములైన జ్ఞాపకములు కలవు. మొదటిది ర్యామ్. అది పని చేయునంతసేపు ఎదుట నుంచుకొను పలక వంటిది. దానిపై వేగముగా వ్రాయవచ్చును, వేగముగా తుడువవచ్చును. కాని విద్యుత్తు ఆగిన వెంటనే అంతయు చెరిగిపోవును. రెండవది ఫ్లాష్. ఇది పెట్టెలో దాచుకొన్న పుస్తకము వంటిది.

ఫ్లాష్ మెమొరీని కనిపెట్టినవాడు జపాను దేశమందలి తోషిబా కంపెనీలో ఇంజనీరుగా నుండిన ఫుజియో మసుయొకా. 1984లో ఆయన దీనిని లోకమునకు వెల్లడించెను. ఇందలి ప్రతి కణములోను విద్యుత్తును సాగనీయని పొరచే అన్ని వైపుల మూయబడిన మిక్కిలి చిన్న గది యొకటి యుండును. ఎక్కువ వోల్టేజి ప్రయోగించి ఎలక్ట్రానులను ఆ గదిలోనికి నెట్టుదురు. తలుపులు లేని ఆ గదిలో చిక్కిన ఎలక్ట్రానులు విద్యుత్తు తీసివేసినను ఏండ్లతరబడి అందే యుండును. ఎలక్ట్రానులు చేరిన కణమును 0 అనియు, ఖాళీగా నున్న కణమును 1 అనియు లెక్కింతురు. మన అక్షరములైనను, చిత్రములైనను, పాటలైనను తుదకు ఈ రెండంకెల వరుసలుగానే నిలిచి యుండును.

ఫ్లాష్‌నకు ఒక విచిత్రమైన నియమము కలదు. మన పూర్వులు తాటియాకుపై గంటముతో వ్రాసెడివారు. గీచిన గీతను మరల పూడ్చుట వారికి సాధ్యము కాదు. మరియొక మాట వ్రాయవలెనన్న కొత్త యాకును తీసికొనవలసినదే. ఫ్లాష్‌లోను ఖాళీగా నున్న 1ని 0గా మార్చవచ్చును గాని, ఒక్క 0ను మాత్రము తిరిగి 1గా మార్చుట కుదురదు. అట్లు చేయవలెనన్న ఆ కణమున్న ఖండమునంతయు ఒక్కపెట్టున చెరపవలెను. పైగా చెరపిన ప్రతిసారియు కణములోని పొర కొంచెము అరుగుచుండును. అనేకవేల మారులు చెరపబడిన పిమ్మట ఆ ఖండము నమ్మదగినదిగా నుండదు.

దుబాసీయు, హాజరుపట్టీయు

ఇట్టి చిక్కు నియమములు మనము వాడు ప్రోగ్రాములకు తెలియవు. తెలియవలసిన పనియు లేదు. వాటికిని యంత్రభాగములకును నడుమ కెర్నెల్ అను ముఖ్యాధికారి యుండును. కంప్యూటరును నడపు ఆపరేటింగ్ సిస్టమ్‌నకు ఇది గుండెకాయ వంటిది. ఏ ప్రోగ్రాము ఎప్పుడు పని చేయవలెను, ఎవరికి ఎంత ర్యామ్ ఇయ్యవలెను అను నిర్ణయములు దానివి. ఆ కెర్నెల్ క్రింద ప్రతి యంత్రభాగమునకును ఒక డ్రైవరు ఉండును. డ్రైవరనగా ఒక దుబాసీ. పూర్వము రేవుపట్టణములలో రెండు భాషలు నేర్చిన దుబాసీలు వర్తకులకు నడుమ నుండి బేరములు నడపినట్లే, ఇది కెర్నెల్ మాటను ఫ్లాష్‌నకు తెలియు భాషలోనికి మార్చి చెప్పును. ఏ ఖండమును చెరపవలెనో, ఏ ఖండము అరిగిపోయినదో కనిపెట్టు బాధ్యత కొన్ని యంత్రములలో దానిదే.

దీనికి తోడు ఫైల్ సిస్టమ్ అను లేఖకుడు కూడ కలడు. ఏ ఫైలు ఎక్కడ నున్నదో చూపు పట్టికను వ్రాసి యుంచుట అతని పని. ఆ పట్టిక మన తరగతిలోని హాజరుపట్టీ వంటిది. సంవత్సరము నడుమ ఒక బాలుడు బడి మానినచో ఉపాధ్యాయుడు అతని పేరుపై గీత గీయును. పేరు కొట్టివేయబడినదే గాని ఆ వరుస కాగితముపై అట్లే నిలిచి యుండును. ఆ వరుసను తరువాత వచ్చిన బాలునికి ఉపయోగింపవచ్చును గాని పట్టీ మాత్రము చిన్నది కాదు. అనేకములైన కంప్యూటరులలో ఫైలును చెరపుటయన్నను ఇంతమాత్రమే. పేరుపై గుర్తు పడును. పట్టిక పొడవు తగ్గదు. పాఠకులు ఈ విషయమును గుర్తుంచుకొందురు గాక. మన కథకు మూలమిదియే.

స్పిరిట్ మౌనము

అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా 2003 జూన్ నెలలో స్పిరిట్ అను ఆరు చక్రముల యంత్రమును కుజగ్రహమునకు పంపెను. ఏడు మాసములు ప్రయాణము చేసి, 2004 జనవరి 4వ తేదీన అది గూసెవ్ అను పెద్ద బిలములో దిగెను. సూర్యకాంతితో విద్యుత్తును తయారుచేసికొనుచు, రాళ్ళను పరీక్షించుచు, చిత్రములను పంపుచు 90 దినములు పని చేయవలెనని దానిని నిర్మించిరి. అందలి కంప్యూటరునకు 128 మెగాబైట్ల ర్యామ్, 256 మెగాబైట్ల ఫ్లాష్ ఉండెను. నేటి సామాన్యమైన ఫోనుతో పోల్చినను ఇది మిక్కిలి స్వల్పము. దానిని నడపిన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు వీఎక్స్‌వర్క్స్.

దిగిన మొదటి రెండు వారములు అంతయు సవ్యముగ నడచెను. జనవరి 21వ తేదీన, అనగా అక్కడి లెక్కలో 18వ దినమున, స్పిరిట్ హఠాత్తుగా మౌనము వహించెను. అప్పుడప్పుడు ఒక చిన్న సంకేతమో, అర్థము లేని గజిబిజి యంకెలో వచ్చుటయే గాని శాస్త్రీయ సమాచారమేదియు రాలేదు. కాలిఫోర్నియా రాష్ట్రములోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లకు ఇది మిక్కిలి ఆందోళనకరమైన సమయము. భూమినుండి పంపిన మాట అక్కడికి చేరుటకు సుమారు 10 నిమిషములు, బదులు తిరిగి వచ్చుటకు మరి 10 నిమిషములు పట్టును. వారి చేతిలో స్క్రూడ్రైవరు పనికిరాదు. ఉన్నది మాట యొక్కటే; ఆ మాటయు వినబడునో లేదో తెలియదు.

అనుమానములు

ఆనాడు ఆస్ట్రేలియాలోని కాన్బెర్రా సమీపమున నున్న సంకేతకేంద్రమువద్ద ఉరుములతో వాన పడినది. కావున తప్పు వాతావరణమునదేమో యని మొదట తోచెను. కాని వాన వెలిసినను మౌనము వీడలేదు. ఆ దినమున స్పిరిట్ తన పరికరములలో ఒకదాని అద్దమును త్రిప్పు మోటారును పరీక్షించుచుండెను. కావున ఆ మోటారుపైకి అనుమానము మరలెను. విద్యుత్తు సరఫరాలో లోపమా, కంప్యూటరు భాగమేదైన చెడిపోయినదా అను ప్రశ్నలును పుట్టెను.

ఇక్కడ మనము ఆగి ఆలోచింపవలెను. తప్పు కనబడిన క్షణమున మన కంటి యెదుట నున్న వస్తువే తప్పునకు కారణమని మనస్సు తొందరపడును. దీపము ఆరినప్పుడు గదిలో నున్న పిల్లవానిని కోపించుట వంటిదిది. ఆ క్షణమున అతడు అక్కడ నుండుట నిజమే. అంతమాత్రమున దీపము నార్పినవాడు అతడే యని తేలదు. ఇంజనీర్లు అనుమానములను పట్టికగా వ్రాసికొనిరి గాని దేనిని నిశ్చయము చేయలేదు.

జనవరి 23వ తేదీన స్పెయిన్ దేశపు మాడ్రిడ్ సమీపమందలి కేంద్రమునకు ఒక సంకేతము అందెను. అది మొదట సెకనుకు 10 బిట్ల వేగముతో 10 నిమిషములు వచ్చెను. తరువాత సెకనుకు 120 బిట్ల వేగముతో 20 నిమిషములు సాగెను. ఒక అక్షరమునకే 8 బిట్లు కావలెనన్నచో ఆ మాట ఎంత మెల్లగా వచ్చినదో ఊహింపుడు. ఆ కొద్ది సమాచారమునుండి రెండు సంగతులు తెలిసినవి. కంప్యూటరు తనంతట తాను ఆగి మరల మొదలగుచు, మరల ఆగుచు ఉన్నది. మూడు దినములలో ఇట్లు సుమారు 60 మారులు జరిగెను. అంతకంటె భయంకరమైనది, రాత్రులయందు నిద్రింపవలసిన యంత్రము మేలుకొని యుండి బ్యాటరీలను హరించుచున్నది. అట్లే కొంతకాలము సాగినచో స్పిరిట్ ఇక లేవదు.

ఒక్కదానిని తొలగించి చూచుట

కంప్యూటరు మొదలైన ప్రతిసారియు ఆరంభములోనే ఆగిపోవుచున్నదన్నచో, ఆరంభమున చేయు పనులలో నేదియో దోషయుక్తమై యుండవలెను. ఆ పనులలో ముఖ్యమైనది ఫ్లాష్‌ను తెరచి, అందలి ఫైళ్ళ పట్టికను ర్యామ్‌లోనికి ఎత్తి వ్రాసికొనుట. ఇంజనీర్ల అనుమానము ఇప్పుడు దానిపై నిలిచినది. దీనిని తేల్చుట యెట్లు?

స్పిరిట్‌ను నిర్మించినవారు ముందుచూపుతో ఒక ప్రత్యేకమైన ఆజ్ఞను అందులో అమర్చి యుంచిరి. ఆ ఆజ్ఞను అందుకొన్నచో కంప్యూటరు ఫ్లాష్ జోలికి పోక, ర్యామ్‌తోనే సరిపెట్టుకొని మేల్కొనును. ఇది కుంటుచు నడచుట వంటిదే. రాత్రి నిద్రించినచో పగటి సమాచారమంతయు చెరిగిపోవును గనుక ఏ పూటకు ఆ పూట భూమికి పంపివేయవలెను. అయినను యంత్రము బ్రదుకును. జనవరి 24వ తేదీన, యంత్రము ఆగుచు మొదలగుచు నుండు చక్రములో దొరకిన అవకాశమును కనిపెట్టి, వారు ఆ ఆజ్ఞను పంపిరి. స్పిరిట్ స్థిరముగ మేల్కొని, చెప్పిన మాట వినుట మొదలుపెట్టెను. మరల మరల ఆగిపోవుట నిలిచినది.

ఒక్క ఫ్లాష్‌ను మాత్రము తొలగించి, తక్కినదంతయు యథాతథముగ నుంచినప్పుడు రోగము పోయినది. మోటారు, సూర్యఫలకములు, ప్రధాన కంప్యూటరు నిర్దోషులని దాదాపుగా తేలినది. వాదములతో తెగని ప్రశ్న ఇట్లు ఒక్క ప్రయోగముతో తెగినది.

నిజమైన దోషము

ఐనచో ఫ్లాష్ చెడిపోయినదా? లేదు. అది చక్కగనే యున్నది. డ్రైవరు కూడ తన పనిని తాను చేయుచునే యున్నది. దోషము పట్టికలో నుండెను.

ఏడు మాసముల ప్రయాణములో కొన్ని ఫైళ్ళు, కుజగ్రహముపై దిగిన పిదప మరి యనేకములు ఫ్లాష్‌లో చేరినవి. పనియైన ఫైళ్ళను చెరపినను, మన హాజరుపట్టీవలె పట్టిక మాత్రము పెరుగుటయే గాని తరుగుట లేదు. ఆ పట్టికకు ర్యామ్‌లో ఒక ప్రతి యుండవలెను గనుక, ఫైళ్ళ వరుసలు పెరిగినకొలది ర్యామ్ తరగిపోవుచుండెను. ఫ్లాష్‌లో ఇంకను చోటుండగనే, దానిని గూర్చిన లెక్కను ఉంచుటకు ర్యామ్‌లో చోటు చాలలేదు. ధాన్యమునకు గాదెలో చోటున్నను, లెక్కపుస్తకము పట్టుటకు గుమాస్తా బల్ల చాలకపోయినట్లయ్యెను.

ఇంతటితో ప్రమాదము రానక్కరలేదు. కాని కంప్యూటరును అమర్చునప్పుడు రెండు అమరికలు తప్పుగా నుండిపోయినవి. మొదటిది, ఫైళ్ళ లేఖకునికి ఇంతకు మించి ర్యామ్ ఇయ్యరాదను హద్దు నిర్ణయింపక, సర్వసాధారణమైన నిల్వనుండి అడిగినకొలది తీసికొననిచ్చిరి. రెండవది, ర్యామ్ కొరకు వచ్చిన ప్రోగ్రామునకు లేదని బదులు చెప్పి పంపుటకు మారుగా, దానిని అక్కడనే నిలిపివేయునట్లు అమర్చిరి. చౌకధరల దుకాణములో సరకు లేనప్పుడు లేదని చెప్పినచో మనము ఇంటికి పోయి మరియొక మార్గము చూచుకొందుము. ఏ బదులును చెప్పక నిలుచుండబెట్టినచో, మన పనియు చెడును, మన వెనుక నిలిచినవారి పనియు చెడును. స్పిరిట్‌లో జరిగినది అదియే. ఒక పని నిలిచిపోవుట చూచి, రక్షణకై యేర్పరచిన ప్రోగ్రాము కంప్యూటరును మరల మొదటినుండి నడిపెను. మొదలు కాగానే కంప్యూటరు ఫ్లాష్‌ను తెరచెను. పట్టిక ర్యామ్‌లో పట్టలేదు. పని మరల నిలిచెను. కథ మరల మొదటికి వచ్చెను. రక్షించుటకు పెట్టిన కావలియే ఇక్కడ రోగమును తిప్పి తిప్పి తెచ్చినది.

ఇందులో మరియొక విచారకరమైన సంగతి కలదు. పాత ఫైళ్ళు పేరుకొనుచున్నవని ఇంజనీర్లు ముందే గమనించిరి. వాటిని తొలగించు చిన్న ప్రోగ్రామును 15వ దినమున పంపిరి. దాని రెండు భాగములలో ఒకటి మాత్రమే సరిగా చేరినది. రెండవ దానిని 19వ దినమున మరల పంపుదమనుకొనిరి. ప్రమాదము 18వ దినమున జరిగెను! భూమిపై చేసిన పరీక్షలలో ఈ లోపము బయటపడకపోవుటకు కారణము కూడ స్పష్టమే. ఇన్ని దినములు ఎడతెగక, ఇన్ని ఫైళ్ళు పోగగు వరకు యంత్రమును నడిపి చూడలేదు. మొదటి దినమున పుట్టి పద్దెనిమిదవ దినమున గాని కనబడని దోషమును ఐదు దినముల పరీక్ష పట్టజాలదు కదా.

కారణము తెలిసిన పిమ్మట చికిత్స సులభమయ్యెను. అవసరమైన సమాచారమును తీసికొని, పాత ఫైళ్ళను తొలగించి, ఫిబ్రవరి మొదటి వారమున ఫ్లాష్‌ను పూర్తిగా చెరపి కొత్త పట్టికతో సిద్ధము చేసిరి. ఏప్రిల్ నెలలో స్పిరిట్‌నకును, జనవరి 25న దిగిన దాని జంటయగు ఆపర్చునిటీకిని సవరించిన ప్రోగ్రాములను పంపిరి. 90 దినములకని పంపిన స్పిరిట్ ఆరు సంవత్సరములకు పైగా పనిచేసి, 2010 మార్చి 22న కడపటి సంకేతమును పంపెను.

పది యేండ్ల తరువాత

ఈ కథకు ఒక అనుబంధము కలదు. 2014లో ఆపర్చునిటీకి కూడ మరపు వచ్చెను. అదియు తనంతట తాను ఆగి మొదలగుచుండెను. దాచిన సమాచారమును పోగొట్టుకొనుచుండెను. లక్షణములు ఇంచుమించు స్పిరిట్‌వే. అదే రోగమని నిశ్చయించుకొని అదే మందు వేసి యూరకొన్నచో పొరపాటగును. ఫ్లాష్‌ను చెరపి సిద్ధము చేసినను బాధ తిరిగి వచ్చెను. పరిశీలింపగా, దాని ఫ్లాష్‌లోని ఏడు భాగములలో ఒకటి చెడినదని తేలినది. పది సంవత్సరముల వాడుక సామాన్యమైనది కాదు. ఇక్కడ లెక్క సరిగానే యున్నది, పుస్తకపు కాగితమే చినిగినది.

అప్పుడు కూడ ఆపర్చునిటీని ఫ్లాష్ లేకుండ, ర్యామ్‌తోనే నడిపిరి. పగలు సేకరించినది రాత్రి నిద్రకు ముందే పంపుచు, అది 2018 జూన్ 10 వరకు భూమితో మాటలాడుచుండెను. జ్ఞాపకము లేకయు మేల్కొను మార్గమును ఆ జంటలో నేర్పరచి యుంచుట ఒకదానిని ప్రమాదమునుండి కాపాడినది. రెండవదానికి వార్ధక్యములో ఊతకఱ్ఱ యైనది.

మనము గ్రహింపవలసినది

ఈ వృత్తాంతము ఇంజనీర్లకే గాక, విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగించును. తప్పు కనబడిన చోటనే తప్పు పుట్టినదని అనుకొనరాదు. స్పిరిట్ రేడియో మూగవోయినది. దోషము రేడియోలో లేదు. ఫ్లాష్‌ను తెరచునప్పుడు ఆగిపోయినది. దోషము ఫ్లాష్‌లోను లేదు. లెక్క తప్పిన బాలుని తెలివితక్కువవాడని నిందించు ముందు, అతని లెక్కను వరుస వరుసగా చదివి, ఏ మెట్టున కాలు జారినదో చూడవలెను. తరచుగా మెట్లన్నియు సరిగానే యుండి, పై వరుసలోని అంకెను క్రిందికి ఎత్తి వ్రాయునప్పుడు ఒక్క సున్న జారిపోయి యుండును.

రెండవ మాట, అనేకములైన వస్తువులను ఒక్కమారే మార్చినచో రోగము పోయినను కారణము తెలియదు. కారణము తెలియని చికిత్స నిలువదు. ఇంటిలో చేతిదీపము వెలుగనిచో మొదట బ్యాటరీలను మాత్రము మార్చి చూడుడు. వెలుగనిచో పాతవానిని తిరిగి పెట్టి, బల్బును మాత్రము మార్చి చూడుడు. ఏమి మార్చితిరో, ఏమి జరిగినదో ఒక కాగితముపై వ్రాసికొనుడు. కుజగ్రహపు యంత్రమును బ్రదికించిన పద్ధతి యిదియే. దీనికి ఖరీదైన పరికరములు అక్కరలేదు, ఓర్పు కావలెను.

చివరిగా ఫోనులు వాడువారికి ఒక హెచ్చరిక. మనము చెరపితిమనుకొన్న ఫొటో వెంటనే మాయము కాదు. చాల ఫోనులలో అది మొదట కొన్ని దినములు చెత్తబుట్ట వంటి చోట నిలిచి యుండును. కావున పొరపాటున చెరపినచో కంగారుపడక ముందు అక్కడ వెదకుడు. ఫోనును ఇతరులకు అమ్మునప్పుడును, ఇచ్చునప్పుడును, ఒక్కొక్క ఫొటోను చెరపుటతో తృప్తిపడక, ఫోను నంతటిని మొదటి స్థితికి తెచ్చు ఏర్పాటును ఉపయోగింపుడు. యంత్రమునకు మరచుట తనంతట తెలియదు. దానికి మనమే నేర్పవలెను.